నాయన ఆదివారాలు

పోయిన ధనుర్మాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం హైదరాబాదు నుంచి మావాడు నా సెల్‌ఫోనుకు ఒక పాట పంపించాడు. "అమ్మా, అన్నం తిని తీరిగ్గా విను. పాడేవాణ్ణి కాదు, వెనకాల వాయించేవాణ్ణి విను" అని కింద రాశాడు.

నేను మార్కాపురంలో, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఇంగ్లీషు పాటలు నాకేం తెలుసు? అయినా కొడుకు పంపాడు కదా అని వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ పెట్టాను. ఎవరో ఒకాయన గంభీరంగా, నింపాదిగా పాడుతున్నాడు. ఆ గొంతు వెనక ఏదో వాయిద్యం. హార్మోనియం లాగుంది కానీ హార్మోనియం కాదు. ఊపిరి మాత్రం అదే. గాయకుడు పాదం పూర్తి చేసేదాకా అది వెనక్కి తగ్గి ఉంటుంది. ఆయన గాలి పీల్చుకునే సందులో చిన్న జవాబు చెప్పి, మళ్ళీ తగ్గిపోతుంది.

చేతిలో గిన్నె పక్కన పెట్టి కూర్చున్నాను. అట్లా వాయించే మనిషిని చిన్నప్పుడు నేను ఇంట్లోనే చూశాను. ఆయన మా నాయన.

వెంటనే ఫోన్ చేశాను. "ఎవర్రా ఆ వాయించేది?"

"ఒండ్రే పివెట్స్ అనీ, చెక్ దేశపువాడమ్మా. జాజ్ ఆర్గానిస్టు" అన్నాడు మావాడు. ఇక చెప్పడం మొదలుపెడితే అరగంట ఆపలేదు.

పివెట్స్ పుట్టింది 1984లో, ప్రాగ్ నగరంలో. జాజ్ అంటే రాసుకున్నది రాసుకున్నట్టు వాయించడం కాదు. మన కచేరీల్లో స్వరకల్పనలాగా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవాలి. ఇతను చిన్న వయసులోనే 'ఆర్గానిక్ క్వార్టెట్' అని నలుగురితో సొంత బృందం పెట్టుకున్నాడు. రికార్డులు తెచ్చాడు. సొంత దేశంలో పేరొచ్చింది. మరొకరైతే ఆ పేరుతోనే హాయిగా బతికేద్దురు. ఇతను మాత్రం 2000 దశకం చివర్లో న్యూయార్క్ వెళ్ళిపోయాడు. అక్కడ ఆదివారం ఆదివారం నల్లజాతివారి చర్చిల్లో ప్రార్థనలకు ఆర్గాన్ వాయించే పనికి కుదిరాడు!

"సొంత బృందం ఉన్నవాడు పోయి చర్చిలో వాయించడమేందిరా?" అన్నాను.

"అదే కదమ్మా అసలు బడి" అన్నాడు. అక్కడ ముందు కాగితం ఉండదట. పాడేవాళ్ళు ఎప్పుడు ఏ శ్రుతిలో ఎత్తుకుంటారో తెలియదు. పాస్టరుగారు మాట్లాడుతూ మాట్లాడుతూ రాగంలోకి వెళ్తే, ఆ మాటల మధ్యన ఆర్గాన్ జవాబు చెప్పాలి. చెవి తప్ప వేరే ఆధారం లేదు. అట్లా కొన్నేళ్ళు ఇతరుల గొంతుల వెనక కూర్చున్నవాడే చివరికి గ్రెగరీ పోర్టర్ అనే పెద్ద జాజ్ గాయకుడి బృందంలో చేరాడు. 2016లో వచ్చిన పోర్టర్ ఆల్బమ్ 'టేక్ మీ టు ది యాలీ'లో ఆర్గాన్ ఇతనిదే. 2017లో దానికి గ్రామీ అవార్డు వచ్చింది.

అంతా చెప్పి, "నీకింకో సంగతి చెప్పాలమ్మా" అన్నాడు. మళ్ళీ వాడే, "తర్వాత చెప్తాలే" అని పెట్టేశాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 'చర్చిలో వాయించడమేంది?' అన్న మాట అంతకు ముందు కూడా నా నోట వచ్చింది. దాదాపు నలభయ్యేళ్ళ కిందట, మా నాయనతో.

* * *

మా ఊరు కంభానికీ బేస్తవారిపేటకూ మధ్యన. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మాది కర్నూలు జిల్లా. ఆ ఒంగోలు జిల్లాకే తర్వాత ప్రకాశం అని పేరు పెట్టారు. ఒకపక్క నల్లమల, ఒకపక్క గుండ్లకమ్మ. చెప్పుకోడానికి కంభం చెరువంత చెరువున్నా, మాలాంటి మెట్ట రైతులకు వానొస్తేనే పంట. మాకున్న మూడెకరాల్లో సజ్జలు, కందులు, ఆముదాలు వేసేవాళ్ళు. అది తిండికే చాలీచాలనట్టుండేది. పైఖర్చులన్నీ నాయన హార్మోనియం మీదే.

నాయన పద్య నాటకాలకు హార్మోనిస్టు. శివరాత్రికి త్రిపురాంతకం, తిరునాళ్ళకు మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల పల్లెలు, అటు వినుకొండ దాకా... ఎక్కడ 'హరిశ్చంద్ర' వేసినా, 'గయోపాఖ్యానం' వేసినా కబురొచ్చేది. చిన్న రైలు రోజుల్లో హార్మోనియం పెట్టెను దుప్పట్లో చుట్టి, కంభం స్టేషన్లో ఎక్కించుకునేవాడు. సీటు దొరికితే పెట్టెను కూర్చోబెట్టి తను నిలబడేవాడు.

నాటకాల్లో హార్మోనిస్టు పని ఎంతటిదో ఈకాలం పిల్లలకు తెలియదు. ఒకే రాత్రి ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులుండేవాళ్ళు. మొదటి సీను ఒకరిది, రాయబారం సీను ఇంకొకరిది. ఒకాయన నాలుగు శ్రుతిలో పాడితే, ఇంకొకాయన ఐదున్నర అంటాడు. తెర దించి ఎత్తేలోపల హార్మోనిస్టు వేళ్ళు మరో దారికి మళ్ళాలి. నటుడు పద్యం ఎత్తుకుంటే నీడలా వెంట వెళ్ళాలి. రాగం తీస్తే అందుకుని జవాబివ్వాలి. జనం 'వన్స్ మోర్' అంటే అదే ఊపుతో మళ్ళీ మొదలుపెట్టాలి. తెల్లవారేదాకా కాళ్ళు తిత్తి తొక్కుతూనే ఉండాలి.

ఒకసారి నన్ను కూడా తీసుకుపోయాడు. నాకప్పుడు పదేళ్ళుంటాయి. ఆ రాత్రి హరిశ్చంద్రుడికి గొంతు పట్టేసింది. కాటి సీనుకొచ్చేసరికి పై స్థాయి అందడం లేదు. జనం గొణుక్కుంటున్నారు. నాయన తలెత్తి ఆయన వంక ఒక్కసారి చూశాడు. రెండు పద్యాల మధ్య వాయించే సందులో తిప్పి తిప్పి ఏదో చేసి, అర శ్రుతి కిందికి దించేశాడు. జనంలో ఒక్కరికి తెలిస్తే ఒట్టు. హరిశ్చంద్రుడు నిలబడ్డాడు. చప్పట్లు మోగినాయి. చందాలు చదివినాయి. తిరిగొచ్చేటప్పుడు, "నాయనా, అందరూ ఆయన్నే మెచ్చుకున్నారే!" అన్నాను కోపంగా.

"మన పనేందమ్మా? ఆయన పడిపోకుండా చూడటం. పళ్ళే" అన్నాడు. ఆయనకొచ్చేది హరిశ్చంద్రుడికి ఇచ్చేదాంట్లో నాలుగోవంతు. అదీ ఒక్కోసారి కాంట్రాక్టరు 'మళ్ళీ నాటకానికిస్తాలే' అనేవాడు.

హార్మోనిస్టు పైకొచ్చిన దారి కూడా లేకపోలేదు. కృష్ణా జిల్లా వనుకూరులో పుట్టిన పెండ్యాల నాగేశ్వరరావు అట్లాగే నాటకాల్లో హార్మోనియం వాయించి మద్రాసు చేరాడు. 1948లో 'ద్రోహి'తో సంగీత దర్శకుడయ్యాడు. 'జయభేరి', 'జగదేకవీరుని కథ' పాటలు రేడియోలో వస్తే నాయన చేస్తున్న పని ఆపేసి వినేవాడు. "మన హార్మోనిస్టే!" అని మురిసిపోయేవాడు. ఎప్పుడూ చూసిన మనిషి కాదు, బంధువు కాదు. అయినా 'మన' అనేవాడు.

విచిత్రమేమిటంటే అదే రేడియో హార్మోనియాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. వీణలా, గొంతులా గమకం పలకదనీ, మెట్టుకీ మెట్టుకీ మధ్యనుండే శ్రుతులు దాంట్లో ఉండవనీ 1940 మార్చిలో ఆకాశవాణి దాన్ని నిషేధించింది. 1971లో కానీ ఆ పట్టు సడలలేదు. "నిజమేనమ్మా, గమకం పలకదు. అందుకే పాడేవాడి గొంతు కావాలి దానికి" అనేవాడు నాయన. తన వాయిద్యం లోపం తెలిసినవాడు.

1980ల్లో టీవీలొచ్చాయి. తిరునాళ్ళలో వీడియోలు పెట్టి రాత్రికి రెండు సినిమాలు వేయడం మొదలుపెట్టారు. ఏడాదికి అరవై డెబ్భై నాటకాలు వాయించే మనిషికి పది పన్నెండు మిగిలాయి. తెల్లవారుజామున అలవాటుకొద్దీ లేచి, అరుగు మీద ఊరికే కూర్చునేవాడు.

* * *

మా ఊరి చివర పాలెంలో చిన్న చర్చి ఉంది. మా జిల్లాలో ఈ చర్చిల కథ పాతది. అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో ఉండి పనిచేసిన కాలంలో, 1876–78 కరువు తర్వాత పల్లెలకు పల్లెలు, ముఖ్యంగా మాదిగ కుటుంబాలు, ఆ మతంలోకి వెళ్ళాయి. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. తర్వాత మా పడమటి వైపు కంభం, మార్కాపురాల్లో కూడా మిషన్ కేంద్రాలు వచ్చాయి. మా పాలెం చర్చికి కూడా ఎవరో దొరలు వదిలిపోయిన కాళ్ళ హార్మోనియం ఒకటుండేది. వాయించే ముసలాయన పోయాక మూలన పడింది.

1984లో కాబోలు, పాలెం నుంచి ఇద్దరు పెద్దమనుషులొచ్చి గడప బయటే నిలబడి, "అయ్యవారూ, మా పెట్టె ఒకసారి చూస్తారా? రీడ్లు పలకడంలా" అని అడిగారు. నాయన వెళ్ళాడు. రీడ్లు కడిగాడు. తిత్తికి తోలు మార్చాడు. ఆ తర్వాతి ఆదివారం వాయించి చూపడానికి వెళ్ళాడు. ఇంక ప్రతి ఆదివారం వెళ్ళడం మొదలుపెట్టాడు.

అమ్మ అరిచింది. "ఊళ్ళో తలెత్తుకోవద్దా? ఆళ్ళ దేవుడి కాడ నీకేం పని?"

నాయన చల్లగా చెప్పాడు. "దేవుడి సంగతి నాకెందుకే? పాడేవాళ్ళుండారు, వాయించేవాడు లేడు. ఎట్టా పోకుండా ఉండేది?"

ఒకరోజు పాలెంవాళ్ళ పాటల పుస్తకం ఇంటికి తెచ్చాడు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'. పురుషోత్తమ చౌదరి వంటివాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలో రాసిన కీర్తనలు అందులో ఉన్నాయి. ప్రతి కీర్తన పైనా రాగం, తాళం అచ్చువేసి ఉన్నాయి. శంకరాభరణం, బిలహరి... "చూడమ్మా, మన రాగాలే!" అని నాకు చూపించాడు. ఏళ్ళ తర్వాత ఆ ముఖంలో వెలుగు చూశాను. కానీ నేను పుస్తకం ముట్టుకోలేదు.

మరుసటేడు నాకు సంబంధం వచ్చింది. మంచి సంబంధం. అబ్బాయిది గవర్నమెంటు ఉద్యోగం. అంతా కుదిరాక, మధ్యవర్తి చల్లగా ఒక మాట వదిలాడు. "పిల్ల తండ్రి పాలెం చర్చిలో హార్మోనీ వాయిస్తాడంట గదా, మతం మారాడేమోనని అటువాళ్ళు అడుగుతున్నారు."

ఆ రాత్రి అమ్మ ఏమీ అనలేదు. నేనే అన్నాను. "చర్చిలో వాయించడమేంది నాయనా? నా పెళ్ళయ్యేదాకన్నా మానుకో."

నాయన నా వంక చూశాడు. హరిశ్చంద్రుడి గొంతు పట్టేసిన రాత్రి ఆయన వంక చూసినట్టే ఉంది ఆ చూపు. "అట్టాగేలేమ్మా" అన్నాడు. అర శ్రుతి దించేశాడు. మళ్ళీ ఏ ఆదివారమూ వెళ్ళలేదు. నా పెళ్ళయ్యాక కూడా వెళ్ళలేదు. నేనూ 'ఇంక వెళ్ళు నాయనా' అనలేదు. 1998లో పోయాడు. ఈ సంగతి నా కొడుక్కి నేనెప్పుడూ చెప్పలేదు.

* * *

సంక్రాంతికి మావాడు రాలేదు. ఫోన్ చేసి, ఆ 'ఇంకో సంగతి' చెప్పాడు. రెండేళ్ళుగా హైదరాబాదులో ఒక చర్చిలో ఆదివారాలు కీబోర్డు వాయిస్తున్నాడట. కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూనే. మతం గితం ఏమీ మారలేదట. "నువ్వేమన్నా అంటావేమోనని చెప్పలేదమ్మా. కానీ అక్కడ నేర్చుకున్నది ఇంకెక్కడా నేర్చుకోలా. ఆ పివెట్స్ కథ ముందు చెప్తే నీకర్థమవుతుందని..." అని నసిగాడు.

ముప్ఫై దాటినవాడు, తల్లిని ఒప్పించడానికి చెక్ దేశం నుంచి సాక్ష్యం తెచ్చుకున్నాడు! నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది.

వాడు చెప్పిన కథ మళ్ళీ తలచుకున్నాను. మొదట్లో ఆర్గాన్ అంటే గోడంత గొట్టాలతో పెద్ద చర్చిల్లో ఉండేది. అంత ఖర్చు పెట్టలేనివాళ్ళ కోసం 1840ల్లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ రీడ్లతో పలికే పెట్టె చేసి హార్మోనియం అన్నాడు. 1870ల్లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని కింద కూర్చుని చేత్తో తిత్తి కొట్టుకునేలా మార్చాడు. అమెరికాలో లారెన్స్ హామండ్ 1935లో కరెంటుతో పలికే ఆర్గాన్ తెస్తే, దాన్నీ గొట్టాలకు డబ్బుల్లేని చర్చిలే కొనుక్కున్నాయి. 1950ల్లో జిమ్మీ స్మిత్ దాన్నే జాజ్‌లో మారుమోగించాడు. పివెట్స్ వాయించేది ఆ హామండ్ ఆర్గానే. అంటే ఆ ఆర్గానూ మా పాలెం పెట్టే దాయాదులే. లేనివాళ్ళ గుడి కోసం పుట్టినవే రెండూ.

ఆ పిల్లవాడు సముద్రం దాటిపోయి వెతుక్కున్న చోటు మా నాయనకు ఇంటికి అర కిలోమీటరులో దొరికింది. దాన్ని మానిపించింది నేను. నాయన వెళ్తూ ఉంటే గొప్పవాడై ఉండేవాడని కాదు. పెండ్యాల కాలేడు, గ్రామీలు రావు. కానీ పాడేవాళ్ళున్న చోట ఆయన ఉండేవాడు. హార్మోనిస్టుకి అంతకంటే ఏం కావాలి?

మావాడికి అంతా చెప్పేశాను. చాలాసేపు పలకలేదు. చివరికి, "తాత తర్వాత అక్కడ ఎవరు వాయించారమ్మా?" అని అడిగాడు.

నలభయ్యేళ్ళలో నేను అడగని ప్రశ్న అది.

* * *

మరుసటి ఆదివారం మార్కాపురం నుంచి బస్సెక్కి మా ఊరు వెళ్ళాను. చర్చి ఇప్పుడు స్లాబు వేసి పెద్దది కట్టారు. వెనక బెంచీ మీద కూర్చున్నాను. ముందు కీబోర్డు దగ్గర యాభై దాటిన మనిషి ఉన్నాడు. పక్కన ఇద్దరు చిన్నపిల్లలు ఆయన వేళ్ళ వంకే చూస్తున్నారు. పాట మొదలు కాబోతుండగా ఆయన శ్రుతి పట్టి, తలెత్తి పాడేవాళ్ళ వంక ఒక్కసారి చూసి, ఆగాడు. వాళ్ళు గాలి పీల్చుకునేదాకా ఆగాడు. అప్పుడు మొదలుపెట్టాడు.

అది నాయన పద్ధతి.

ప్రార్థన అయ్యాక దగ్గరికొచ్చి, "అయ్యవారి కూతురు గదమ్మా?" అన్నాడు. అవునన్నాను. ఏదో చెప్పబోయాను. గొంతు రాలేదు. ఆయనే అందుకున్నాడు.

"మీ పెళ్ళి కోసరం మానుకుండాడని మాకు అప్పుడే తెలుసమ్మా. మేమేం అనుకోలా. ఆడపిల్ల తండ్రి, ఏం జేస్తాడు?" అన్నాడు. తర్వాత నవ్వి, "మానుకున్నాడు గానీ ఊరుకోలేదులేమ్మా. వారానికోసారి కంభం పోతుండానని ఇంట్లో చెప్పి, సైకిలేసుకుని మా చేని కాడికి వచ్చేవాడు. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఆ చింతచెట్టు కింద చేతి పెట్టె పెట్టుకుని నేర్పించాడు. ఆరేళ్ళు. ఒక్క రూపాయి ముట్టలా" అన్నాడు.

నాయన కంభం ఎందుకు వెళ్తున్నాడో నేనెప్పుడూ అడగలేదు. అమ్మ అడిగిందో లేదో తెలియదు.

"ఇంకొక్కటి వాయిస్తావా అన్నా?" అన్నాను. ఆయన కూర్చున్నాడు. పిల్లలు పాట అందుకున్నారు. నేను సెల్‌ఫోను తీసి, మావాడు నేర్పినట్టే రికార్డు చేసి హైదరాబాదుకు పంపించాను.

"పాడేవాళ్ళను కాదు, వెనకాల వాయించేవాణ్ణి విను" అని కింద రాశాను.